లారీకి జ్వరం చూసేది ఎక్కడ?

పిల్లవాడికి ఒళ్ళు వేడిగా ఉంది. అప్పుడు మనం ఏం చేస్తాం? ముందు నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాం. తరవాత మెడ కింద చూస్తాం. అనుమానం తీరకపోతే నర్సమ్మ దగ్గరికి తీసుకువెళ్తాం. ఆమె థర్మామీటరు చంకలో పెడుతుంది. లేదా నాలుక కింద పెడుతుంది. చొక్కా మీద పెట్టదు. జుట్టు మీద పెట్టదు. ఎందుకని? అక్కడ పెడితే అసలు జ్వరం తెలియదు.

థర్మామీటరు ఎంత మంచిదైనా సరే, పెట్టిన చోటు తప్పయితే అది చూపే అంకె తప్పవుతుంది.

లారీకి కూడా అంతే. లారీ ఇంజనుకి వేడి పెరుగుతుంది. హద్దు దాటితే ఇంజను పాడవుతుంది. ఆ వేడిని చూడడానికి ఒక కడ్డీ ఉంది. ఆ కడ్డీని ఎక్కడ పెట్టాలి? ఈ పాఠంలో అదే తెలుసుకుందాం.

"లారీ సంగతి మాకెందుకు? అది మగవాళ్ళ పని" అంటారా? ఆగండి. లారీ కొనడానికి తెచ్చిన అప్పు ఎవరి ఇంటి మీద ఉంది? కిస్తీ కట్టలేకపోతే ఎవరి మెడలో గొలుసు తాకట్టుకి వెళ్తుంది? అందుకే ఇది మన సంగతి కూడా.

ఒక ఇంటి కథ

మన గోదావరి డెల్టాలో లారీ లేనిదే రోజు గడవదు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలవలు వచ్చాయి. వరి పెరిగింది. కొబ్బరి, అరటి పెరిగాయి. తరవాత చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చాయి. రావులపాలెం అరటి గెలలు, అంబాజీపేట కొబ్బరికాయలు, కడియం మొక్కలు, భీమవరం చేపలు, అన్నీ లారీల మీదే దూర దేశాలకి పోతాయి.

ఈ లారీలు నడిపే ఇళ్ళు మన వూళ్ళలో చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంటిని తలుచుకుందాం. భర్త డ్రైవరు. పాత లారీ ఒకటి ఫైనాన్సు మీద కొన్నారు. భార్య రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు డీజిలు లెక్క, కిరాయి లెక్క ఆమే పుస్తకంలో రాస్తుంది.

ఒకసారి లారీ బరువుతో మారేడుమిల్లి ఘాటు ఎక్కింది. డెల్టా రోడ్లు బల్లపరుపుగా ఉంటాయి. గోకవరం దాటి, రంపచోడవరం దాటితే కొండలు వస్తాయి. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు మలుపుల మీద మలుపులు. లారీ నల్లగా పొగ కక్కుతూ ఎక్కింది. సగం దారిలో బలం తగ్గింది. తెల్లటి పొగ వచ్చింది. ఇంజను ఆగిపోయింది.

ఇంజను విప్పి చూశారు. ఒక పిస్టను తల కరిగి గుంట పడింది. రిపేరు అయ్యేసరికి నెలరోజులు బండి షెడ్డులోనే ఉంది. కిరాయి లేదు. కిస్తీ మాత్రం ఆగలేదు.

అప్పుడు మేస్త్రీ అన్నాడు:

"అమ్మా, పొగ వేడి చూపే మీటరు పెట్టించుకోండి. వేడి హద్దు దాటేటప్పుడు డ్రైవరుగారికి ముందే తెలుస్తుంది."

సరే అనుకున్నారు. కాని ఇంకో మేస్త్రీ వచ్చి వేరే మాట చెప్పాడు. ఒకాయన "కడ్డీ టర్బోకి ముందు పెట్టాలి" అంటాడు. ఇంకొకాయన "వద్దు, టర్బో తరవాత పెట్టాలి" అంటాడు.

ఆమె అడిగింది: "ఎక్కడ పెడితే ఏంటండీ మేస్త్రీగారూ? వచ్చేది అదే పొగ కదా?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలియాలంటే ముందు ఇంజను లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఇంజను లోపల ఏముంది?

సైకిలుకి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున ముట్టుకోండి. వేడిగా ఉంటుంది. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది. డీజిలు ఇంజను ఈ సూత్రం మీదే నడుస్తుంది.

ఇంజనులో పెద్ద గొట్టాల లాంటి గదులు ఉంటాయి. వీటిని సిలిండర్లు అంటారు. పెద్ద లారీకి సాధారణంగా నాలుగో ఆరో సిలిండర్లు ఉంటాయి. ఒక్కొక్క దానిలో ఒక పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టను గాలిని నొక్కుతుంది. ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అప్పుడు నాజిలు సన్నటి జల్లుగా డీజిలు చిమ్ముతుంది. అగ్గిపుల్ల అక్కరలేదు. గాలి వేడికే డీజిలు అంటుకుంటుంది. ఆ మంట పిస్టనుని కిందికి తోస్తుంది. చక్రం తిరుగుతుంది.

ఈ ఇంజనుని కనిపెట్టినాయన పేరు రుడాల్ఫ్ డీజిల్. జర్మనీ దేశం ఇంజనీరు. 1897లో ఆయన ఇంజను బాగా నడిచింది. ఆయన పేరే నూనెకి వచ్చింది. 1900లో పారిస్ నగరంలో జరిగిన ప్రదర్శనలో ఇలాంటి ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో కూడా నడిచింది.

ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే, ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి 750 సార్లు మంట పుడుతుంది. కాలిన పొగ బయటికి పోవాలి. ప్రతి సిలిండరు నుంచి ఒక చిన్న దారి ఉంటుంది. ఆ దారులన్నీ ఒక పోత ఇనుప గొట్టంలో కలుస్తాయి. ఈ గొట్టాన్ని మేనిఫోల్డు అంటారు.

మన చేలలో ఏం జరుగుతుంది? ఆరు బోదెల మురుగు నీరు వచ్చి ఒక డ్రైనులో కలుస్తుంది. మేనిఫోల్డు కూడా అలాంటిదే. ఆరు బోదెల పొగ ఒక డ్రైనులో పడుతుంది.

డ్రైను చివర టర్బో ఉంటుంది. టర్బో అంటే చిన్న చక్రం. వాగు నీరు తోస్తే నీటి చక్రం తిరుగుతుంది కదా. అలాగే వేడి పొగ తోస్తే టర్బో చక్రం తిరుగుతుంది. అది నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరగగలదు. ఆ చక్రానికి రెండో వైపు ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి ఇంజనులోకి నొక్కుతుంది. గాలి ఎక్కువ దొరికితే డీజిలు బాగా కాలుతుంది. బండికి బలం వస్తుంది.

టర్బో దాటిన పొగ సైలెన్సరులోకి పోతుంది. అక్కడినుంచి బయటికి పోతుంది.

ఇక్కడ ఒక లెక్క గుర్తు పెట్టుకోండి. వంద రూపాయల డీజిలు పోస్తే, బండిని నడిపేది సుమారు 35 నుంచి 40 రూపాయల డీజిలే. ముప్ఫై రూపాయల దాకా పొగ వేడిగా పోతుంది. మిగిలినది రేడియేటరు నీళ్ళ వేడిగా, ఇతర దారుల్లో పోతుంది. పొగ వేడి ఇంకా పెరిగిందంటే మన డబ్బు ఇంకా ఎక్కువ గాలిలో కలుస్తోందన్న మాట.

పొగకి వేడి ఎందుకు పెరుగుతుంది?

పొయ్యిలో కట్టెలు కుక్కేసి, గాలి ఆడకుండా చేస్తే ఏమవుతుంది? నల్లటి పొగ వస్తుంది. ఇంజనులోనూ అదే. డీజిలు ఎక్కువై గాలి తక్కువైతే నల్ల పొగ వస్తుంది. ఆ మంట సకాలంలో ఆరదు. పిస్టను కిందికి దిగాక కూడా కాలుతూనే ఉంటుంది. కాలుతూనే బయటికి పోతుంది. అందుకే పొగ మరీ వేడిగా ఉంటుంది.

దీనికి కారణాలు ఇవి:

ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోవడం. ఇసుక రేవుల్లో, మట్టి రోడ్ల మీద తిరిగే బండ్లకి ఇది తొందరగా జరుగుతుంది.

టర్బో నుంచి ఇంజనుకి గాలి తెచ్చే రబ్బరు గొట్టం చిరగడం. లేదా దాని క్లిప్పు వదులవడం.

నాజిళ్ళు అరిగిపోవడం. అప్పుడు డీజిలు జల్లుగా కాకుండా చుక్కలుగా పడుతుంది.

డీజిలు పంపుని ఎక్కువకి తిప్పడం. "బండికి బలం రావాలి" అని కొందరు అలా చేయిస్తారు.

బరువు ఎక్కువ వెయ్యడం. పది చక్రాల లారీకి బండితో కలిపి 28.5 టన్నులు హద్దు. 2018లో ఈ హద్దుని 25 టన్నుల నుంచి పెంచారు. పెంచిన హద్దు కూడా దాటించేవాళ్ళు ఉన్నారు.

ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించకపోవడం. పెద్ద గేరులో ఉంచి యాక్సిలేటరు తొక్కితే ఇంజను మూలుగుతుంది. చుట్లు తగ్గుతాయి. గాలి తగ్గుతుంది. డీజిలు మాత్రం పడుతూనే ఉంటుంది.

పిస్టనుని చాలావరకు అల్యూమినియంతో చేస్తారు. మన అన్నం గిన్నె లాంటి లోహమే. అల్యూమినియం 660 డిగ్రీలకి కరుగుతుంది. సిలిండరు లోపలి మంట అంతకన్నా చాలా ఎక్కువ వేడి. మరి రోజూ ఎందుకు కరగదు? దీపం మీంచి వేలు గబుక్కున లాగితే కాలదు. అక్కడే ఉంచితే కాలుతుంది. పిస్టను కూడా అంతే. మంట క్షణంలో పుట్టి ఆరుతుంది. వెంటనే కొత్త గాలి వస్తుంది. చుట్టూ నీరు చల్లబరుస్తుంది. అడుగున ఇంజను ఆయిలు చల్లబరుస్తుంది. కాని పొగ వేడి హద్దు దాటి, అలాగే చాలాసేపు ఉంటే ఈ చల్లదనం చాలదు. పిస్టను కరుగుతుంది. టర్బో చక్రం దెబ్బతింటుంది. మేనిఫోల్డు పగులుతుంది.

నీళ్ళ మీటరు చాలదా?

"బండిలో వేడి చూపే ముల్లు ఒకటి ఉంది కదా. అది చాలదా?" అని మీరు అడగవచ్చు.

అది రేడియేటరు నీళ్ళ వేడి చూపుతుంది. నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి. నెమ్మదిగా చల్లారుతాయి. పొయ్యి మీద ఎసరు పెట్టి మంట ఎగదోస్తే నీళ్ళు వెంటనే మరుగుతాయా? కొంచెం సేపు పడుతుంది. కాని మంట వేడి వెంటనే పెరుగుతుంది. పొగ వేడి కూడా అంతే. యాక్సిలేటరు తొక్కిన కొద్ది క్షణాల్లో పెరుగుతుంది. నీళ్ళ ముల్లు మామూలుగానే ఉంటుంది. లోపల పిస్టను కరగడం మొదలవుతుంది. అందుకే పొగ వేడికి వేరే మీటరు కావాలి.

వేడి కడ్డీ అంటే ఏమిటి?

జ్వరం చూసే గాజు థర్మామీటరు ఇంత వేడికి పగిలిపోతుంది. దీనికి వేరే సాధనం ఉంది. రెండు వేరు వేరు లోహాల తీగలు తీసుకుంటారు. వాటి కొనలు ఒకచోట కలుపుతారు. ఆ కలిపిన కొన వేడెక్కితే తీగల్లో చాలా కొంచెం కరెంటు పుడుతుంది. వేడి పెరిగితే కరెంటు పెరుగుతుంది. 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి గమనించాడు. ఈ తీగలని ఉక్కు గొట్టంలో పెట్టి మూస్తారు. అదే మన వేడి కడ్డీ. మేస్త్రీలు దీన్ని సెన్సరు అంటారు. ఇది చూడడానికి పెన్సిలు ముక్కలా ఉంటుంది. దీని తీగ క్యాబినులోకి వస్తుంది. అక్కడ మీటరు ముల్లు ఆడుతుంది.

ఎక్కడ పెట్టాలి?

ఇప్పుడు ఆమె అడిగిన ప్రశ్నకి వద్దాం. కడ్డీ పెట్టడానికి నాలుగు చోట్లు కనపడతాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి చోటు: ఒక సిలిండరు పక్కన.
అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. ఎందుకంటే గిన్నె ఒక్కటే. ఇంజనులో ఆరు గిన్నెలు ఉన్నాయి. ఒక గిన్నె మెతుకు పట్టి చూస్తే మిగతా అయిదింటి సంగతి తెలియదు. కాబట్టి ఒక్క సిలిండరు దారిలో పెడితే చాలదు.

రెండో చోటు: మేనిఫోల్డులో దారులు కలిసే చోట, టర్బోకి ముందు.
ఇక్కడ సిలిండర్ల పొగ కలిసి వస్తుంది. ఇంకా చల్లారలేదు. ఇంజను లోపలి వేడికి ఇదే దగ్గర. టర్బో బిగించే చోటికి ఒకటి రెండు అంగుళాల ముందు పెడితే మంచిది.

మూడో చోటు: టర్బో దాటాక, గొట్టంలో.
టర్బో చక్రం తిప్పడానికి పొగ తన శక్తి కొంత ఇచ్చేస్తుంది. అందుకని చల్లబడుతుంది. బండి బరువుతో ఎత్తు ఎక్కుతుంటే టర్బోకి ముందూ తరవాతా 100 నుంచి 200 డిగ్రీల తేడా ఉండవచ్చు. ఇక్కడ మీటరు 520 చూపుతుంటే లోపల 700 ఉండవచ్చు.

"అయితే 150 కలుపుకుంటే సరిపోదా?" అనవచ్చు. సరిపోదు. ఈ తేడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఖాళీ బండికి తేడా కొంచెమే. బరువు బండికి ఎక్కువ. మనకి సరైన అంకె కావలసింది బరువు మీద ఉన్నప్పుడే. సరిగ్గా అప్పుడే ఈ చోటు తక్కువ చూపుతుంది.

నాలుగో చోటు: సైలెన్సరు చివర.
ఇక్కడికి వచ్చేసరికి గొట్టం గాలికి చల్లారిపోతుంది. ఇది చొక్కా మీద థర్మామీటరు పెట్టడం లాంటిది. దీనివల్ల ఉపయోగం లేదు.

మరి రెండో మేస్త్రీ "టర్బో తరవాత" అని ఎందుకన్నాడు? ఆయన మాటలోనూ న్యాయం ఉంది. కడ్డీ పాతబడి కొన విరిగితే ఏమవుతుంది? టర్బోకి ముందు ఉంటే ఆ ముక్క నేరుగా టర్బో చక్రానికి తగులుతుంది. చక్రం రెక్కలు విరుగుతాయి. టర్బో తరవాత ఉంటే ఆ ముక్క సైలెన్సరులోకి పోతుంది. నష్టం ఉండదు.

అంటే ఒకచోట నిజం తెలుస్తుంది, కాని కొంచెం ప్రమాదం ఉంది. ఇంకోచోట ప్రమాదం లేదు, కాని నిజం తెలియదు. ఏది మేలు?

కొండలు ఎక్కే బండికి, బరువు మోసే బండికి టర్బోకి ముందు పెట్టడమే మేలు. ప్రమాదం తగ్గించే దారి మన చేతిలో ఉంది. మంచి రకం ఉక్కు కడ్డీ కొనాలి. ఏడాదికి ఒకసారి విప్పి చూడాలి. కొన సన్నబడినా, పొరలు లేచినా మార్చెయ్యాలి. కరిగిన పిస్టనుతో పోలిస్తే కడ్డీ ఖర్చు ఏపాటి?

పెట్టించేటప్పుడు చూడవలసినవి

పని చేసేది మేస్త్రీ. కాని దగ్గరుండి చూసేవాళ్ళకి ఈ సంగతులు తెలియాలి.

1. మేనిఫోల్డు విప్పి, బల్ల మీద పెట్టి కన్నం వెయ్యడం మంచి పద్ధతి. బండి మీదే డ్రిల్లు వేస్తే ఇనుప రజను లోపల పడుతుంది. ఇంజను స్టార్టు చెయ్యగానే ఆ రజను టర్బో చక్రానికి కొట్టుకుంటుంది. విప్పడం కుదరకపోతే డ్రిల్లు కొనకి గ్రీజు దట్టంగా రాయాలి. కొంచెం కొంచెం తొలిచి, ఆపి, తుడవాలి. పోత ఇనుప రజను అయస్కాంతానికి అంటుకుంటుంది. అయస్కాంతంతో లోపల వెతికి తియ్యాలి.

2. కన్నం అంచుకి దగ్గరగా ఉండకూడదు. వెల్డింగు మీద ఉండకూడదు. అక్కడ పగులు పుడుతుంది.

3. కడ్డీ కొన పొగ దారికి నడిమధ్య ఉండాలి. గోడకి ఆనుకుంటే పొగ వేడి కాదు, గోడ వేడి చూపుతుంది. గోడ వేడి తక్కువ.

4. కొన్ని ఇంజన్లలో మేనిఫోల్డు లోపల అడ్డుగోడ ఉంటుంది. మూడు సిలిండర్ల పొగ ఒక పక్క, మూడింటిది ఇంకో పక్క పోతుంది. అప్పుడు కడ్డీ ఒక పక్క మూడింటి వేడే చూపుతుంది. ఏ పక్క పెట్టారో మేస్త్రీని అడిగి పుస్తకంలో రాసుకోవాలి.

5. కడ్డీ తీగని మామూలు రాగి తీగతో అతకకూడదు. అవి ప్రత్యేకమైన లోహాలు. వేరే తీగ కలిపితే అంకె తప్పుతుంది. తీగలు తారుమారు చేసినా తప్పుతుంది. తీగ వేడి గొట్టానికి తగలకుండా దూరంగా కట్టాలి.

6. మేనిఫోల్డు తిరిగి బిగించేటప్పుడు కొత్త గాస్కెట్ వెయ్యాలి. పొగ కారితే కడ్డీ అంకె తప్పడమే కాదు, క్యాబినులోకి పొగ వస్తుంది. ఆ పొగ ఊపిరికి చేటు. డీజిలు పొగ మనుషులకి కాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2012లో తేల్చింది.

మీటరు చదవడం

మొదట ఒక చిక్కు చూద్దాం. జ్వరం 100 అంటాం. మరిగే నీళ్ళు కూడా 100 అంటాం. జ్వరం వచ్చిన ఒంటి మీద నీళ్ళు మరుగుతాయా? లేదు. ఇవి రెండు వేరు వేరు కొలతలు. జ్వరం కొలిచేది ఫారెన్‌హీట్. నీళ్ళు మరిగే 100 సెల్సియస్. లారీ మీటర్లు రెండు రకాలూ దొరుకుతాయి. అంకెల పక్కన ఏ గుర్తు ఉందో ముందు చూడాలి. ఫారెన్‌హీట్‌లో 1300 అంటే సెల్సియస్‌లో సుమారు 700. రెండూ ఒకటే వేడి. అంకె చూసి బెదరకూడదు. అంకె చూసి మోసపోనూ కూడదు.

కడ్డీ టర్బోకి ముందు ఉంటే, సెల్సియస్‌లో అంకెలు సుమారుగా ఇలా ఉంటాయి:

నిలబడి ఊరికే తిరుగుతుంటే: 100 నుంచి 200
చదును రోడ్డు మీద: 300 నుంచి 450
బరువుతో ఎత్తు ఎక్కుతుంటే: 500 నుంచి 650
700కి దగ్గర పడితే: ప్రమాదం. వెంటనే తగ్గించాలి.

ఇది అన్ని ఇంజన్లకీ ఒకటే కాదు. మీ ఇంజనుకి హద్దు ఎంతో కంపెనీ పుస్తకం చూసి, తెలిసిన మేస్త్రీని అడిగి రాసుకోవాలి.

అంకె పెరిగితే ఏం చెయ్యాలి? గేరు తగ్గించాలి. కాలు కొంచెం ఎత్తాలి. నెమ్మదిగా ఎక్కాలి. ఎత్తు ఎక్కి ఆగినప్పుడు వెంటనే ఇంజను కట్టెయ్యకూడదు. రెండు మూడు నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి. అప్పుడు ఆయిలు తిరిగి టర్బో చల్లారుతుంది. వెంటనే కట్టేస్తే వేడి టర్బోలో ఆయిలు మాడి గట్టిపడుతుంది.

కొత్త లారీ అయితే?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బి.ఎస్. 6 రకం కొత్త బండ్లే అమ్మాలి. ఈ లారీలకి వేడి కడ్డీలు కంపెనీయే పెడుతుంది. పొగని శుభ్రం చేసే డబ్బాల దగ్గర అవి ఉంటాయి. వాటిని చూసుకునేది బండిలోని కంప్యూటరు. ఇలాంటి బండికి మనం కన్నాలు వెయ్యకూడదు. వేస్తే గ్యారంటీ పోవచ్చు.

ఈ లారీల్లో చాలావాటికి డీజిలుతో పాటు యూరియా నీళ్ళు కూడా పొయ్యాలి. దీన్ని డెఫ్ అంటారు. ఇందులో నూటికి 32.5 పాళ్ళు యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. "యూరియా మన చేనుకి వేసేదే కదా, బస్తా విప్పి కలిపేద్దాం" అనుకోవద్దు. చేనుకి వేసే యూరియాకి వేపనూనె పూత ఉంటుంది. 2015 నుంచి మన దేశంలో ఆ పూత తప్పనిసరి చేశారు. అది పొలానికి మంచిది. లారీకి చెరుపు.

కొన్ని కొత్త లారీల్లో పొగ మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది నిండితే బండి తనంతట తానే ఆ మసిని కాలుస్తుంది. అప్పుడు అక్కడ వేడి 550 డిగ్రీలు దాటుతుంది. డ్రైవరుకి దీపం వెలిగి తెలుస్తుంది.

ఇక్కడ మనకి ఒక హెచ్చరిక ఉంది. కోతల కాలంలో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తాం. గడ్డి పరుస్తాం. లారీ ఎండు గడ్డి మీద ఆగితే, కాగిన గొట్టానికి గడ్డి తగిలితే నిప్పు రాజుకుంటుంది. గడ్డి మోపు లారీ గొట్టం పక్కన వెయ్యకండి. గడ్డి ఉన్న చోట లారీ ఆపనివ్వకండి. చిన్న పిల్లలని ఆగిన లారీ కిందికి వెళ్ళనివ్వకండి. ఇంజను కట్టేసినా గొట్టం చాలాసేపు కాలుతూనే ఉంటుంది.

పుస్తకంలో ఒక వరస

మన కథలో ఆమె దగ్గరికి మళ్ళీ వద్దాం. కడ్డీ టర్బోకి ముందే పెట్టించారు. మేనిఫోల్డు విప్పించి, దగ్గరుండి చూసింది. డీజిలు లెక్క పక్కన ఇంకో వరస గీసింది. భర్త ఇంటికి రాగానే అడుగుతుంది:

"ఏవండీ, గోకవరం దాటాక ఎంత చూపింది? ఘాటులో ఎంత చూపింది?"

ఆయన చెప్తాడు. ఆమె రాస్తుంది.

మొదటి వారం: ఘాటులో 610
రెండో వారం: ఘాటులో 615
మూడో వారం: ఘాటులో 640
నాలుగో వారం: ఘాటులో 665

అదే రోడ్డు. అదే బరువు. అంకె మాత్రం పెరుగుతోంది. నల్ల పొగ ఇంకా కంటికి కనపడలేదు. కాని పుస్తకంలో కనపడింది.

"ఈసారి కిరాయికి వెళ్ళే ముందు మేస్త్రీగారికి చూపించండి" అంది ఆమె.

"బండి బాగానే లాగుతోంది కదా" అన్నాడు ఆయన.

"కిందటిసారి కూడా బాగానే లాగిందండీ" అంది ఆమె.

ఆయన మరి మాట్లాడలేదు. పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాడు. ఎయిర్ ఫిల్టరు విప్పితే దోసెడు దుమ్ము రాలింది. కొత్త ఫిల్టరు వేశారు. తరవాతి వారం ఆమె పుస్తకంలో రాసింది: ఘాటులో 605.

గుర్తుంచుకోండి

పొగ వేడి తెలిస్తే ఇంజను ఆరోగ్యం తెలుస్తుంది.
కడ్డీ పెట్టే మంచి చోటు: సిలిండర్ల పొగ కలిసే చోట, టర్బోకి ముందు.
కొన పొగకి నడిమధ్య ఉండాలి.
లోపల ఇనుప రజను మిగలకూడదు.
ఏడాదికి ఒకసారి కడ్డీ విప్పి చూడాలి.
బి.ఎస్. 6 బండికి కన్నం వెయ్యకూడదు.
వేడి గొట్టానికీ ఎండు గడ్డికీ దూరం ఉంచాలి.

జవాబులు చెప్పండి

1. థర్మామీటరు చొక్కా మీద ఎందుకు పెట్టరు?
2. టర్బో దాటిన పొగ ఎందుకు చల్లబడుతుంది?
3. రెండో మేస్త్రీ మాటలో ఉన్న న్యాయం ఏమిటి?
4. చేనుకి వేసే యూరియా లారీలో ఎందుకు పొయ్యకూడదు?
5. ఆమె పుస్తకంలో మొదటి వారానికీ నాలుగో వారానికీ తేడా ఎంత? లెక్క కట్టండి.

చేసి చూడండి

మీ ఇంట్లో, మీ వీధిలో ఉన్న ఇంజన్లని లెక్కపెట్టండి. లారీ, ట్రాక్టరు, చెరువు దగ్గర నీళ్ళు తోడే ఇంజను, అన్నీ రాయండి. వాటి ఎయిర్ ఫిల్టరు కిందటిసారి ఎప్పుడు మార్చారో అడగండి. తేదీ తెలిస్తే తేదీ రాయండి. తెలియకపోతే ఈ రోజు తేదీ రాసి, ఈ రోజే విప్పి చూడమని చెప్పండి.